హరికేన్ బాధితులకు విరాళం: స్థానిక సంఘాల చేతికే చేరాలంటే ఏం చేయాలి

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30 దాకా నడుస్తుంది. ఆ ఆరు నెలల్లో ఏదో ఒక రోజు మీ వాట్సాప్ గ్రూపులోకి ఒక లింక్ వచ్చి పడుతుంది. ఇళ్లు మునిగిపోయాయనీ, మనం కూడా ఏదైనా చేద్దామనీ ఎవరో రాస్తారు. ఇవ్వాలని అందరికీ ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో తేలకే చాలామంది ఆగిపోతారు. కొందరు పేరు విన్న పెద్ద సంస్థకు పంపేసి ఊరుకుంటారు. ఇంకొందరు ఆ లింకే నొక్కేస్తారు.

పెద్ద సంస్థల పని పెద్ద సంస్థలకు ఉంది. ఒక్క రాత్రిలో వేలమందికి షెల్టర్లు తెరవడం చిన్న సంఘాల వల్ల కాదు. కానీ ఏ సందులో ఆక్సిజన్ మెషీన్ మీద బతుకుతున్న పెద్దాయన ఉన్నాడో, ఏ ట్రైలర్ పార్కులో ఇంగ్లిష్ రాని కుటుంబాలు ఉన్నాయో ఆ ఊరివాళ్లకే తెలుస్తుంది. 2017 సెప్టెంబర్ 20న మరియా హరికేన్ అమెరికా పాలనలోని ప్యూర్టో రికోను తుడిచిపెట్టినప్పుడు ద్వీపమంతా చీకటైంది. కొండల మధ్య ఉన్న అద్హుంతాస్ అనే ఊళ్లో కాసా ప్వెబ్లో అనే సంఘం భవనంలో మాత్రం సోలార్ పలకల వల్ల కరెంటు ఉంది. జనం అక్కడికి వెళ్లి ఫోన్లు, వైద్య పరికరాలు ఛార్జ్ చేసుకున్నారు. ఆ సంఘం 1980లో గనుల తవ్వకానికి వ్యతిరేకంగా పుట్టింది, హరికేన్ కోసం పెట్టింది కాదు. అదే ద్వీపంలో పోన్సే నగరంలో, మరియా కాలం నాటి నీళ్ల సీసాలు, సామాన్లు పంచకుండా వదిలేసిన ఒక ప్రభుత్వ గోదాము 2020 జనవరిలో బయటపడింది.

అందుకే తుఫానుకు ముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్లకు, టీవీ కెమెరాలు వెళ్లిపోయాక కూడా అక్కడే ఉండేవాళ్లకు మన డబ్బులో కొంతైనా చేరాలంటాను. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని, అది ఎలా చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు మొత్తం అనుకోండి, మూడు భాగాలు చేయండి

వార్త చూసిన వేడిలో మొత్తం ఒకేసారి పంపేయకండి. మీరు 300 డాలర్లు ఇవ్వగలరనుకుందాం. అందులో 100 ఈ వారం ఇవ్వండి, 100 మూడు నెలల తర్వాత, మిగతా 100 ఏడాది తిరిగాక. ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే రెండు రిమైండర్లు పెట్టుకోండి. ఇది పిసినారితనం కాదు. సాయం అవసరమయ్యే కాలం మనం వార్తలు చూసే కాలం కంటే చాలా ఎక్కువ.

హెలీన్ హరికేన్ సంగతే చూడండి. 2024 సెప్టెంబర్ 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటింది, మర్నాడు నార్త్ కరొలైనా పడమటి కొండల్లో ఊళ్లకు ఊళ్లను ముంచింది. రెండు వారాలు కాకముందే, అక్టోబర్ 9న మిల్టన్ అనే మరో హరికేన్ ఫ్లోరిడా మీద విరుచుకుపడింది. దేశం చూపు అటు తిరిగింది. ఆ కొండల్లోని ఆష్‌విల్ నగరంలో కుళాయి నీళ్లు తాగొచ్చని అధికారులు ప్రకటించింది మాత్రం నవంబర్ 18న. దాదాపు రెండు నెలల పాటు ఆ నగరంలో కుళాయి నీళ్లు నోట్లో పోసుకోలేని పరిస్థితి. ఆ మధ్యకాలంలో అపార్ట్‌మెంట్లలో మెట్లెక్కలేని వృద్ధుల ఇళ్లకు టాయిలెట్ ఫ్లష్ చేసుకోవడానికి నీళ్లు మోసినవాళ్లు స్థానిక వాలంటీర్లే. రోడ్లు కొట్టుకుపోయిన చోట్లకు కంచర గాడిదల మీద సరుకులు చేరవేసినవాళ్లూ ఉన్నారు. ఇలాంటి పనికి అయ్యే ఖర్చు తొలి వారంతో తీరిపోదు.

ఎవరికివ్వాలో వెతకడం: రాష్ట్రం పేరుతో కాదు, కౌంటీ పేరుతో

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "హరికేన్ డొనేషన్" అని వెతికితే ప్రకటనలకు డబ్బు పెట్టగలిగినవాళ్లే పైన కనిపిస్తారు. ముందు బాగా దెబ్బతిన్న కౌంటీలు, అంటే అక్కడి జిల్లాల్లాంటివి, ఏవో తెలుసుకోండి. విపత్తు ప్రకటించిన కౌంటీల పేర్లు అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫీమా వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఆ కౌంటీ పేరుకు "ఫుడ్ బ్యాంక్", "కమ్యూనిటీ ఫౌండేషన్", "మ్యూచువల్ ఎయిడ్", "లాంగ్ టర్మ్ రికవరీ గ్రూప్" అన్న మాటలు ఒక్కొక్కటే చేర్చి వెతకండి. అక్కడి పత్రిక, పబ్లిక్ రేడియో స్టేషన్ సైట్లు కూడా చూడండి. ఎవరు ఎక్కడ ఏం పంచుతున్నారో రోజూ రాసేది వాళ్లే. ఆ చుట్టుపక్కల మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క ఫోన్ చేయండి. "మీ దగ్గర నిజంగా తిరుగుతున్నది ఎవరు?" అని అడిగితే రెండు పేర్లు వాళ్లే చెప్తారు. నా లెక్కలో దీన్ని మించిన దారి లేదు.

వెతికితే మీకు రకరకాల సంఘాలు తగులుతాయి. ఒక్కోదానిది ఒక్కో పని.

కమ్యూనిటీ ఫౌండేషన్ అంటే ఆ ప్రాంతంలో విరాళాలు పోగుచేసి స్థానిక సంఘాలకు గ్రాంట్లుగా పంచే సంస్థ. 2017లో హార్వీ హరికేన్ హ్యూస్టన్‌ను ముంచినప్పుడు నగర మేయర్, కౌంటీ జడ్జి (టెక్సస్‌లో కౌంటీ పాలనాధిపతిని అలా అంటారు) కలిసి పెట్టిన సహాయ నిధిని నడిపింది గ్రేటర్ హ్యూస్టన్ కమ్యూనిటీ ఫౌండేషనే. హెలీన్ తర్వాత కమ్యూనిటీ ఫౌండేషన్ ఆఫ్ వెస్టర్న్ నార్త్ కరొలైనా కూడా అత్యవసర నిధి ద్వారా అక్కడి నాన్‌ప్రాఫిట్లకు డబ్బు అందించింది. మీకు ఏ సంఘం గురించీ తెలియకపోతే, విచారించే తీరిక లేకపోతే మొదటి భాగం ఇలాంటి చోటికి పంపడం మంచిది. వడపోత వాళ్లు చేస్తారు. డబ్బు చివరి మనిషికి చేరడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

ఫుడ్ బ్యాంక్ పని వెంటనే కనిపిస్తుంది. పైగా టోకున కొంటుంది కాబట్టి మీరు షాపులో కొని ఇచ్చేదానికంటే అదే డబ్బుతో ఎక్కువమందికి తిండి పెడుతుంది. ఆష్‌విల్‌లోని మన్నా ఫుడ్‌బ్యాంక్ గోదాము హెలీన్ వరదలో పూర్తిగా పోయింది. అంటే సాయం చేసేవాళ్లే బాధితులయ్యారు. అయినా కొద్ది రోజుల్లోనే వేరే చోటి నుంచి పంపిణీ మొదలుపెట్టారు.

మ్యూచువల్ ఎయిడ్ బృందాలంటే ఇరుగుపొరుగు ఒకరికొకరు చేసుకునే సాయం. ఆఫీసు ఉండదు, అప్లికేషన్ ఫారాలు ఉండవు, అవసరం చెప్తే తెచ్చిస్తారు. 2005లో కత్రినా హరికేన్ వచ్చిన కొద్ది రోజులకే న్యూ ఆర్లీన్స్‌లోని ఆల్జీర్స్ పేటలో మాలిక్ రహీమ్, ఆయన మిత్రులు కామన్ గ్రౌండ్ అనే బృందాన్ని మొదలుపెట్టారు. అక్కడి ఒక మసీదులో తెరిచిన ప్రథమ చికిత్స కేంద్రం తర్వాత శాశ్వత క్లినిక్ అయింది. ఇలాంటి బృందాల బలం వేగం, బలహీనత కాగితాలు. దాని గురించి కింద చెప్తాను.

వీళ్లే కాక చర్చిలు, మసీదులు, గుళ్లు, గురుద్వారాలు, పొలం కూలీల సంఘాలు, ఉచిత క్లినిక్‌లు, అద్దెకుండేవాళ్ల సంఘాలు కూడా ఉంటాయి. వీటన్నిటికంటే తక్కువ విరాళాలు వచ్చేవి ఉచిత న్యాయసహాయ సంఘాలకని నాకనిపిస్తుంది. ప్యూర్టో రికోలో చాలా ఇళ్లు తాతల పేరు మీదే ఉండిపోయాయి, కాగితాలు మారలేదు. మన ఊళ్లలో ఉన్న సమస్యే ఇది. మరియా తర్వాత యాజమాన్యం రుజువు లేదంటూ ఫీమా ఎన్నో దరఖాస్తులు తిప్పికొట్టింది. అక్కడి ఆయుదా లెగాల్ లాంటి చిన్న లాయర్ల బృందాలు ఫీమాతో మాట్లాడి, ఇంటి యజమాని సంతకంతో ఇచ్చే సొంత ధ్రువీకరణ పత్రాన్ని ఒప్పించాయి. ఆ పత్రం లేకపోతే రేకులు వేసుకోవడానికి కూడా డబ్బు రాని కుటుంబాలున్నాయి. ఫీమా తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవడానికి ఉత్తరం తేదీ నుంచి 60 రోజులు గడువు. ఆ గడువులోపు అప్పీలు రాసిపెట్టే మనిషికి జీతం మీ విరాళం నుంచి వెళ్తే అది చిన్న విషయం కాదు.

ఇంకో మాట, మనవాళ్లకు నేరుగా తగిలేది. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు ఫీమా నగదు సాయం రాదు. సిటిజన్లకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలకూ మాత్రమే వస్తుంది. ఇంట్లో అమెరికాలో పుట్టిన పిల్లలుంటే వాళ్ల పేరు మీద తల్లిదండ్రులు దరఖాస్తు చేసుకోవచ్చు. అలాంటి పిల్లలు లేనివాళ్లకు, వీసా మీద ఉన్న జంటైనా, కాలేజీ విద్యార్థి అయినా, కాగితాలు లేని పొలం కూలీ అయినా, ఆ దారీ లేదు. వీళ్లకు మిగిలేది స్థానిక సంఘాలే. సంఘాన్ని ఎంచుకునేటప్పుడు "ఫీమా సాయం రానివాళ్లకు మీరు ఇస్తారా?" అని అడగండి. ఇస్తామంటే నేనైతే అక్కడే మొగ్గుతాను.

డబ్బు పంపేముందు పది నిమిషాల పరిశీలన

సంఘం అసలు పేరు, దాని ఈఐఎన్ తీసుకోండి. ఈఐఎన్ అంటే తొమ్మిది అంకెల పన్ను గుర్తింపు సంఖ్య. చాలా సంఘాలు వెబ్‌సైట్ అడుగున రాస్తాయి, లేదంటే ఈమెయిల్‌లో అడిగితే ఇస్తాయి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో పన్ను మినహాయింపు సంస్థలను వెతికే పేజీ ఉచితంగానే ఉంది. అక్కడ ఆ నంబరు కొట్టండి. పేరు కన్నా నంబరుతో వెతకడం మేలు. పెద్ద తుఫాను తర్వాత అచ్చం ఒకేలా వినిపించే పేర్లు పుట్టుకొస్తాయి. ఒక్క అక్షరం తేడాతో వేరే సంస్థ ఉంటుంది.

ఆ పేజీలో సంస్థ 501(సి)(3) హోదా (పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ అన్న గుర్తింపు), ఏటా వేసే లెక్కల ఫారం అయిన ఫామ్ 990 వివరాలు కనిపిస్తాయి. ఏడాదికి ఆదాయం సాధారణంగా 50,000 డాలర్లు దాటని చిన్న సంఘాలు 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ నోటీసు మాత్రమే వేస్తాయి. అందులో ఖర్చుల వివరాలేవీ ఉండవు. అది చూసి అనుమానపడక్కర్లేదు. చర్చిలు, గుళ్లు ఆ ఫారం వేయాల్సిన పని కూడా లేదు. ఛారిటీ నావిగేటర్‌లాంటి రేటింగ్ సైట్లలో పెద్ద సంస్థలకు నక్షత్రాలు కనిపిస్తాయి, ఊరి సంఘాలకు చాలాసార్లు రేటింగే ఉండదు. రేటింగ్ లేకపోవడాన్ని చెడ్డ రేటింగ్‌లా చూడకండి.

కాగితాల కంటే ఎక్కువ చెప్పేది ఆ సంఘం పాత పోస్టులు. వాళ్ల ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ పేజీలో తుఫాను తేదీ దాటి కిందికి వెళ్లండి. ఆరు నెలల క్రితం ఏం చేస్తున్నారు? పిల్లలకు స్కూలు బ్యాగులు పంచారా, పార్కులో భోజనాలు పెట్టారా, అద్దె కట్టలేనివాళ్ల తరఫున మాట్లాడారా? అలాంటివి కనిపిస్తే వాళ్లు ఊరివాళ్లు. తుఫాను వచ్చిన మర్నాడే మొదటి పోస్టు పెట్టి, రెండో పోస్టులోనే డబ్బు అడిగితే కొంచెం ఆగండి.

మ్యూచువల్ ఎయిడ్ బృందాలకు చాలాసార్లు సొంత రిజిస్ట్రేషన్ ఉండదు. మోసగాళ్లని కాదు, నలుగురు కలిసి నిన్న మొదలుపెట్టారంతే. అలాంటప్పుడు "మీకు ఫిస్కల్ స్పాన్సర్ ఉన్నారా?" అని అడగండి. రిజిస్టరైన ఒక నాన్‌ప్రాఫిట్ తన ఖాతాలో వీళ్ల డబ్బు తీసుకుని, లెక్క చూసి, వీళ్ల పనికే ఇచ్చే పద్ధతి అది. స్పాన్సర్ ఉంటే వాళ్ల ఈఐఎన్‌తో సరిచూసుకోవచ్చు, రసీదూ వస్తుంది. లేకపోతే అది పూర్తిగా నమ్మకం మీద నడిచే వ్యవహారం. నిన్న వచ్చింది ఎంత, కొన్నది ఏంటి, ఎవరికి ఇచ్చారు అన్న లెక్క వాళ్లు పబ్లిక్‌గా పెడుతున్నారేమో చూడండి. "జనరేటర్ ఒకటి, పెట్రోలు 40 గ్యాలన్లు, డైపర్లు 12 ప్యాకెట్లు" అని బిల్లు ఫోటోతో రాసేవాళ్లు, "మీ ప్రేమకు ధన్యవాదాలు" అని మాత్రమే రాసేవాళ్లు ఒకటి కాదు. మొదటిసారి 25 డాలర్లతో మొదలుపెట్టి, లెక్క చూశాక మళ్లీ ఇవ్వండి.

డబ్బు పంపే దారి

ఫార్వర్డ్ అయిన లింక్ నొక్కి డబ్బు కట్టకండి. సంఘం వెబ్‌సైట్ అడ్రసు మీరే టైప్ చేసి వెళ్లండి. క్రెడిట్ కార్డు, చెక్కు అయితే తర్వాత వివాదం వచ్చినా పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది. జెల్ లాంటి యాప్‌లో పంపితే చేతికి నోట్లు ఇచ్చినట్టే, వెనక్కి రాదు. ఊరి బృందాలు చాలావరకు వెన్మో, క్యాష్ యాప్ మీదే నడుస్తాయి కాబట్టి ఎప్పుడూ వద్దని అనను. పంపేముందు ఆ యూజర్‌నేమ్ వాళ్ల అసలు పేజీలో ఉన్నదే అని అక్షరం అక్షరం సరిచూడండి.

గోఫండ్‌మీ అనే ఆన్‌లైన్ విరాళాల సైట్‌లో ఇస్తుంటే రెండు విషయాలు గమనించండి. ప్రతి విరాళం మీద 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు ప్రాసెసింగ్ ఫీజు కోతపడుతుంది. అది కాక కంపెనీకి "టిప్" అని ఒక స్లైడర్ ముందే కొంత శాతం దగ్గర పెట్టి ఉంటుంది. దాన్ని సున్నాకు లాగినా మీ విరాళం వెళ్తుంది. 100 డాలర్లు ఇద్దామనుకుని 115 కట్టేవాళ్లు ఈ స్లైడర్ చూడనివాళ్లే. ఎవరు పెట్టారు, ఆ కుటుంబానికి వాళ్లేమవుతారు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నది కూడా పేజీలో రాసి ఉండాలి. పెద్ద విపత్తుల తర్వాత ఆ సైట్ తాము పరిశీలించిన పేజీలను ఒకచోట చేర్చి చూపిస్తుంది. అందులోంచి ఎంచుకోండి.

గిఫ్ట్ కార్డు, వైర్ ట్రాన్స్‌ఫర్, క్రిప్టో మాత్రమే తీసుకుంటామని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. ఫోన్ చేసి "ఇప్పుడే కట్టాలి" అని తొందరపెడితే ఆ ఫోన్ పెట్టేయండి. కత్రినా తర్వాత ఇలాంటి మోసాలు ఎక్కువైతేనే 2005లో అమెరికా న్యాయశాఖ విపత్తు మోసాల కోసం ఒక జాతీయ కేంద్రాన్ని పెట్టింది. ఫిర్యాదు అక్కడ చేయొచ్చు, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులోనూ చేయొచ్చు.

విరాళం ఫారంలో "దేనికి వాడాలి" అని ఒక పెట్టె ఉంటుంది. ఆ తుఫాను సహాయానికి అని ఎంచుకోవచ్చు. నమ్మకం కుదిరిన సంఘమైతే ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకోమని వదిలేయడమే నయం. సాయం చేయడానికి వ్యాను రిపేరు కావాలి, వాలంటీర్లకు భోజనం కావాలి, గోదాముకు కరెంటు బిల్లు కట్టాలి. వీటికి ఎవరూ ఇవ్వరు. ఇవి లేకపోతే బియ్యం బస్తా కదలదు.

రసీదు, ట్యాక్స్, కంపెనీ మ్యాచింగ్

501(సి)(3) సంస్థకు, లేదా అలాంటి ఫిస్కల్ స్పాన్సర్ ద్వారా ఇస్తేనే డిడక్షన్, అంటే ఆ మొత్తాన్ని పన్ను వేసే ఆదాయంలోంచి తగ్గించుకునే వీలు. ఒక వ్యక్తికో, ఒక కుటుంబం పేరు మీద ఉన్న గోఫండ్‌మీకో ఇచ్చింది డిడక్షన్ కిందికి రాదు. అది మంచి పనే, ట్యాక్స్ లెక్కలో మాత్రం ఉండదు. ఒకేసారి 250 డాలర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వక రసీదు ఉండి తీరాలి. అంతకు తక్కువకు బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు.

ఖర్చులు విడివిడిగా చూపకుండా స్థిరమైన స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకు 2022 నుంచి 2025 దాకా దీనివల్ల ఒరిగేదేమీ ఉండేది కాదు. 2026 పన్ను సంవత్సరం నుంచి వాళ్లు కూడా ఛారిటీలకు ఇచ్చిన నగదు మీద ఒక్కరైతే 1,000 డాలర్ల దాకా, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2,000 దాకా తగ్గించుకోవచ్చు. ఖర్చులు విడివిడిగా చూపేవాళ్లకు (ఐటమైజ్ చేసేవాళ్లకు) అదే ఏడాది నుంచి ఆదాయంలో 0.5 శాతం దాటిన విరాళాలే లెక్కకొస్తాయి.

మీ కంపెనీలో మ్యాచింగ్ ఉందేమో హెచ్‌ఆర్ పోర్టల్‌లో చూడండి. ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. మీరు 100 ఇస్తే కంపెనీ ఇంకో 100 వేస్తుంది. ఊరి సంఘం ఆ పోర్టల్ జాబితాలో కనిపించకపోతే ఈఐఎన్ ఇచ్చి చేర్చమని అడగొచ్చు. వాళ్లకు కొత్త దాత దొరకడమే కాదు, మీ కంపెనీలో మిగతావాళ్లకూ ఆ పేరు కనిపిస్తుంది.

సామాన్లు: అడిగితేనే

ఇంట్లో పాత బట్టలు మూటగట్టి పంపాలన్న ఆలోచన మంచి మనసుతోనే వస్తుంది. అవతల దాన్ని విప్పి, సైజులు వేరుచేసి, ఎక్కడో పేర్చి పెట్టాల్సింది మాత్రం ఇల్లు పోగొట్టుకున్న వాలంటీరే. 1998లో మిచ్ హరికేన్ తర్వాత హోండురస్‌లో దానంగా వచ్చిన బట్టల గుట్టలు రన్‌వేకు అడ్డుపడి, సరుకుల విమానం దిగలేకపోయింది. వేడి దేశానికి చలికోట్లు కూడా వెళ్లాయి.

సామాను ఇవ్వాలనే ఉంటే వాళ్లు పెట్టిన జాబితా చూసి అందులో ఉన్నదే కొనండి. 2012లో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు ఆక్యుపై శాండీ అనే వాలంటీర్ బృందం అమెజాన్‌లో పెళ్లి కానుకల జాబితా పెట్టే సౌకర్యాన్నే వాడుకుంది. కొత్త జంట గిన్నెలు కోరుకునే చోట వీళ్లు ఫ్లాష్‌లైట్లు, దుప్పట్లు, శుభ్రం చేసే సామాన్లు రాశారు. ఎవరికి నచ్చింది వాళ్లు కొంటే నేరుగా బ్రూక్లిన్‌లోని చర్చికి చేరింది. ఇప్పుడు చాలా సంఘాలు అదే పద్ధతిలో విష్‌లిస్టులు పెడుతున్నాయి. కొనేముందు జాబితా చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. మొదటి వారం నీళ్ల సీసాలు కావాలి, మూడో వారానికి బూజు తీసే మందు, మాస్కులు, చేతి తొడుగులు కావాలి.

గ్రూపుగా పోగుచేస్తుంటే

తెలుగు సంఘమో, అపార్ట్‌మెంట్ గ్రూపో, ఆఫీసు స్నేహితులో కలిసి ఇద్దామంటే సాధారణంగా ఒకరి జెల్‌కు అందరూ పంపుతారు. దీంతో రెండు చిక్కులు. రసీదు ఆ ఒక్కరి పేరు మీదే వస్తుంది, మిగతావాళ్లకు డిడక్షన్ గానీ మ్యాచింగ్ గానీ రాదు. లెక్క కాస్త ఆలస్యమైతే ఆ మనిషి మీద మాటలు కూడా వస్తాయి. అంతకంటే సంఘం అసలు విరాళం పేజీని గ్రూపులో పెట్టి, ఎవరికి వాళ్లు కట్టి, "నాది అయింది" అని రాస్తే సరిపోతుంది. కొన్ని సంఘాలు గ్రూపుల కోసం ప్రత్యేక పేజీ తయారుచేసి ఇస్తాయి. అడిగి చూడండి. తప్పనిసరై ఒకరి దగ్గరే పోగుచేస్తే, వచ్చిందెంత, పంపిందెంత అన్నది రసీదుతో సహా వారంలోపు గ్రూపులో పెట్టండి.

అమెరికా బయటి దీవులకు

2024 జులై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాలోని కారియకూ దీవిని, 2025 అక్టోబర్ 28న మెలిస్సా హరికేన్ జమైకా నైరుతి ప్రాంతాన్ని ఛిద్రం చేశాయి. మెలిస్సా అన్నిటికంటే తీవ్రమైన 5వ కేటగిరీ బలంతోనే నేలను తాకింది. ఇలాంటి చోట్లకు ఇవ్వాలంటే విదేశీ సంఘానికి నేరుగా పంపిన డబ్బుకు సాధారణంగా అమెరికాలో డిడక్షన్ రాదు. అమెరికాలో రిజిస్టరై, అక్కడి సంఘాలకు గ్రాంట్లిచ్చే సంస్థ ద్వారా వెళ్లండి. జమైకాకు అమెరికన్ ఫ్రెండ్స్ ఆఫ్ జమైకా అలాంటిదే. "అక్కడ మీ భాగస్వామి సంఘం పేరేంటి, డబ్బు వాళ్లకు ఎప్పుడు చేరుతుంది?" అని రాసి అడగండి. మీ ఆఫీసులోనో వీధిలోనో ఆ దేశంవాళ్లుంటే ముందు వాళ్లను అడగండి. తమ ఊరి బడి, తమ ఊరి చర్చి ద్వారా వాళ్లు ఎప్పటి నుంచో పంపుతూనే ఉంటారు.

మూడు నెలల రిమైండర్ మోగినప్పుడు

మళ్లీ అదే కౌంటీ పేరుతో వెతకండి. ఈసారి "లాంగ్ టర్మ్ రికవరీ గ్రూప్" మీద దృష్టి పెట్టండి. చర్చిలు, నాన్‌ప్రాఫిట్లు, స్థానిక పెద్దలు కలిసి ఏర్పడే బృందం ఇది. కేస్ మేనేజర్ ఒక్కో కుటుంబం ఫైలు పట్టుకొస్తాడు: ఇన్సూరెన్స్ ఇంత ఇచ్చింది, ఫీమా ఇంత ఇచ్చింది, ఇంకా పైకప్పుకు ఇంత తక్కువ పడింది. బల్ల చుట్టూ కూర్చున్న సంఘాల్లో ఒకరు కలప ఇస్తామంటారు, ఒకరు వడ్రంగుల్ని పంపుతామంటారు, మిగిలిన లోటును నిధి నుంచి పూడుస్తారు. మీ రెండో 100 డాలర్లు వెళ్లాల్సింది ఆ లోటులోకే.

మొదటి భాగం ఇచ్చిన సంఘానికి కూడా ఈమెయిల్ పెట్టండి. పెద్దగా రాయక్కర్లేదు: "సెప్టెంబర్‌లో కొంత పంపాను. ఇప్పుడు మీ దగ్గర ఏ పని డబ్బు లేక ఆగింది? మళ్లీ పంపాలనుకుంటున్నాను." చిన్న సంఘంలో ఒకరిద్దరే అన్నీ చూసుకుంటారు కాబట్టి జవాబు రావడానికి వారం పట్టొచ్చు, పొడుగాటి రిపోర్టులు అడిగి వాళ్ల సమయం తినకండి. పని పేరు చెప్పి జవాబిచ్చిన చోటికి రెండో భాగం పంపండి. పని బాగుందనిపిస్తే మూడో భాగాన్ని ఏడాది దాకా ఆపకుండా నెలకు 10 డాలర్ల చొప్పున ఆటోపే పెట్టండి. వచ్చే నెల ఇంత వస్తుందని ముందే తెలిస్తే కేస్ మేనేజర్‌ను ఉద్యోగంలో ఉంచగలరు.